పాత యంత్రము - ఎరిగిన మనిషి

పాత కంప్యూటర్లను సేకరించి, ఏది ఏ కాలపుదో గుర్తించి, బాగుచేసి మరల నడిపించుట కొందరికి వ్యాపకము. చెడిన భాగమును తీసి కొత్తది వేసిన పిమ్మట అది ఆ యంత్రమేనా? నీలం నగర్ మగ్గముల చప్పుడులో పెరిగిన మాకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

1804లో ఫ్రాన్సు దేశీయుడు జకార్డు చిల్లుల అట్టలతో మగ్గమునకు పువ్వులు నేర్పెను. బాబేజి తన గణన యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు ఆ అట్టల పద్ధతినే తలచెను. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చెను. మన షోలాపూరు చద్దరుపై పువ్వు నేసిన అట్ట కంప్యూటరునకు తాత వరుస.

ఇంగ్లండులో 1951 నాటి హార్వెల్ కంప్యూటరును బాగుచేసి 2012లో మరల నడిపించిరి. సాధ్యమైనంతవరకు పాత భాగములనే నిలిపిరి. మాంచెస్టరు వారి 1948 నాటి యంత్రము మిగులలేదు గనుక, 1998లో దాని ప్రతిరూపమును కట్టి, ప్రతిరూపమనియే చెప్పిరి. రెండును ధర్మమే. కొత్త భాగము వేయుట తప్పు కాదు; దానిని పాతదని చెప్పుట తప్పు.

మేము చేసిన తప్పు వేరు. ఉద్యోగము విరమించి ఇల్లు సర్దుకొనుచు, మా తండ్రిగారి జకార్డు అట్టల కట్టలను తూకమునకు అమ్మివేసితిమి. ఏ అట్ట ఏ పువ్వుదో చెప్పగల ఆయన అప్పటికే లేరు. యంత్రము మరల దొరకవచ్చును. దానిని ఎరిగిన మనిషి దొరకడు. మీ అటకపై అట్టలున్నచో, పెద్దలుండగానే అడిగి, వాటిపై పువ్వు పేరు వ్రాసి ఉంచుడు.