మనసుకి మడి

మడి అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. దండెం మీద ఆరిన బట్ట కర్రతో తీసి కట్టుకుని, ఎవరికీ తగలకుండా వంటింట్లోకి వెళ్ళిపోవడం. ఏ పసివాడో పరుగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకున్నాడా, అంతటితో ఆ మడి సరి! మడిలో ఉన్నావిడ మొహంలో ప్రశాంతత కంటే, ఎవరొచ్చి తాకుతారోనన్న బెదురే ఎక్కువ కనిపిస్తుంది. బట్టకే ఇంత అవస్థయితే, మనసుకి మడి కట్టుకోవడం ఎలాగండీ?

కాథలిక్కులకి ఇది చాలా పెద్ద ప్రశ్న. దైవాన్ని చూసే భాగ్యం శుద్ధమైన మనసుకే దక్కుతుందని ఏసు కొండమీది ప్రసంగంలో బోధించాడు. ఆ శుద్ధికి నిండైన రూపం మేరీమాత. ఆమె తల్లి కడుపున పడిన క్షణం నుంచే పాపం అంటనిదని వాళ్ళ నమ్మకం. 1854లో తొమ్మిదో పయస్ పోపు దీన్ని మతసిద్ధాంతంగా ప్రకటించాడు. పైగా ఆమె కన్య, తల్లి కూడా.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఏ ఆడదానికీ సాధ్యం కానిదాన్ని ఆదర్శంగా నిలబెడితే, మామూలు ఆడది ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది కదా అని ఇంగ్లీషు రచయిత్రి మెరీనా వార్నర్ 1976లో ఒక పుస్తకమే రాసింది. ఆ మాట కొట్టిపారేయలేం. సీతమ్మని చూసి నేర్చుకోమని మనకి చెప్పని పెద్దవాళ్ళున్నారా? ఆదర్శం చేతికర్రలా ఆసరా ఇస్తే మంచిదే. బెత్తంలా వీపు మీద పడితేనే బాధ.

అయితే లూర్దు కథ చదివినప్పుడు నాకు మరోలా తోచింది. 1858లో ఫ్రాన్సులోని ఆ చిన్న ఊళ్ళో బెర్నడెట్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల, నది ఒడ్డున గుహ దగ్గర పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళి దివ్యస్త్రీని చూశానంది. తండ్రికి పని లేదు. ఒకప్పటి జైలుగదిలో వాళ్ళ కాపురం. పిల్లకి ఉబ్బసం. చదువు రాదు. ఫిబ్రవరి 25న ఆ స్త్రీ, ఊటనీళ్ళు తాగమందిట. అక్కడ ఊట ఏదీ? పిల్ల చేతులతో నేల తవ్వింది. బురద వచ్చింది. మూడుసార్లు పారబోసి నాలుగోసారి తాగింది. మొహమంతా బురదే. చూడవచ్చిన జనం పిచ్చిదనుకున్నారు. ఆ బురదలోంచే తర్వాత తేటనీరు పారింది. ఇవాళ లోకం నలుమూలల నుంచీ జనం వెళ్ళేది ఆ నీటికోసమే.

దర్శనం సంగతి నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు. నాకు ముఖ్యం ఆ బురద. శుద్ధి కోసం వెళ్ళిన పిల్ల మట్టికి ఎడంగా నిలబడలేదు, చేతులు పెట్టి తవ్వింది. అలాగని మెతక మనిషీ కాదు. పోలీసు అధికారి గుచ్చిగుచ్చి అడిగినా చెప్పిన మాట మార్చలేదు. జనం డబ్బివ్వబోతే ముట్టుకోలేదు. లోపల ఒకటి, పైకి ఒకటి లేకపోవడమే మనసు మడి అనిపిస్తుంది నాకు.

మేరీమాత నిష్కళంక హృదయం బొమ్మ చూశారా? గుండె చుట్టూ గులాబీలు, పైన మంట, మధ్యలో దిగిన కత్తి. అంటే అది గాయపడని గుండె కాదు. కొడుకు శిలువ మీద ప్రాణం విడుస్తుంటే కింద నిలబడి చూసిన తల్లి గుండె. గాయం ఉంది, కానీ అది విషం కాలేదు.

మన ఇళ్ళల్లో జరిగేదేమిటి? కోడలిగా పడ్డ మాటలన్నీ ముప్ఫై ఏళ్ళు దాచిపెట్టి, అత్తగారయ్యాక వడ్డీతో సహా కోడలికి అప్పజెబుతాం. ఓర్చుకుని పడుండమని కాదు నేననేది. అన్యాయం చేసినవాళ్ళని నిలదీయాల్సిందే. కానీ ఏ పాపం తెలియని పిల్ల మీదకి ఆ బురద పారకూడదు. మైల అనేది ఏదైనా ఉంటే అదే.

విజయవాడ గుణదల కొండ మీద 1924లో మేరీమాత విగ్రహం వెలిసింది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకూ ఉత్సవాలు. కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు. వాళ్ళలో హిందువులూ బోలెడుమంది. నువ్వు శుద్ధంగా ఉన్నావా అని అక్కడ అమ్మ ఎవర్నీ అడగదు. పరీక్ష పాసై రమ్మనే అమ్మ ఉంటుందా ఎక్కడైనా? మాసిన ఒంటితో వచ్చిన బిడ్డని దగ్గరికి తీసుకుంటే తన చీర మాస్తుందని ఏ తల్లీ వెనక్కి జరగదు.

అలా దగ్గరికి తీసుకున్నందుకు పోయే మడి, పోతే పోనివ్వండి. ఏమంటారు?