తాళంచెవీ, బరువూ

వయసు మళ్ళినవాళ్ళకి సాయం చెయ్యడమంటే వాళ్ళ చేతుల్లోంచి పని లాగేసుకోవడమేనా? ఈ ప్రశ్న నాకు ఏ వేదాంత గ్రంథం చదువుతుంటేనో పుట్టలేదు. మా పాత కారు బానెట్ కింద పుట్టింది. నవ్వకండి మరి.

కారుకి ముప్పై ఏళ్ళు దాటాయి. ఇంజను గట్టిదే. కాని కొంతకాలంగా తాళం తిప్పితే ఒక్కసారి 'టిక్' మని ఊరుకునేది. పొద్దున్న చల్లటి వేళ బుద్ధిగా కదిలేది. ఎండలో తిరిగి, కూరగాయలు కొనుక్కొచ్చి మళ్ళీ ఎక్కితే మొరాయించేది. షెడ్డులో ముందు బ్యాటరీ మార్చారు. తర్వాత స్టార్టర్ మోటారు కొత్తది వెయ్యాలన్నారు. చివరికి "ముసలిదైపోయిందమ్మా, అమ్మేయండి" అన్నారు. ముసలితనం ఎంత సౌకర్యమైన మాటో చూశారా! అది అనేస్తే ఇంక వెతకక్కర్లేదు.

మా ఆడపడుచు కొడుకు పాలిటెక్నిక్ చదివాడు. సెలవులకి వచ్చినవాడు మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులకి పైనే ఉంది. తాళం తిప్పి పట్టుకుంటే స్టార్టరుకి వెళ్ళే సన్న తీగ చివర 8 కూడా లేదు.

"అత్తా, మోటారుకి ఏ రోగమూ లేదు. దానికి అందవలసింది అందటంలేదు, అంతే" అన్నాడు.

సంగతేమిటంటే, మోటారుని తిప్పే కరెంటు, వంద ఆంపియర్లకి పై మాట, బ్యాటరీ నుంచి లావు తీగలో నేరుగా వస్తుంది. ఆ దారి తలుపు తెరవడానికి సాలినాయిడ్ అని ఒకటుంది. అది లాగడానికే పదో ఇరవయ్యో ఆంపియర్లు కావాలి. అదంతా తాళం వెనకున్న చిన్న స్విచ్చులోంచే పోవాలి. ఇన్నేళ్ళు మోసి మోసి ఆ స్విచ్చులోపలి రేకులు నల్లబడ్డాయి. దానికి తోడు ఇంజను వేడెక్కితే కరెంటుకి అడ్డం ఇంకా పెరుగుతుంది.

అబ్బాయి అగ్గిపెట్టెంత రిలే ఒకటి కొనుక్కొచ్చాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ ముందే విప్పాడు. రిలేకి నాలుగు కాళ్ళు, వాటిమీద అంకెలు. స్టార్టరుకి పోయే పాత సన్న తీగ 86కి, 85 నుంచి కారు బాడీకి, 30 నుంచి ఫ్యూజు మీదుగా బ్యాటరీకి, 87 నుంచి సాలినాయిడ్‌కి. గంటసేపటి పని. ఇప్పుడు తాళం మోసేది ఆంపియరులో ఐదోవంతు. మిగతాది రిలే మోస్తుంది. రిలే అనే మాటే, అలిసిన గుర్రాలని మజిలీలో విప్పి కొత్తవి కట్టే రోజులనాటిదట.

నాకు నచ్చింది వేరే. తాళం బరువు తగ్గింది గాని ఉద్యోగం పోలేదు. అది తిరగందే రిలే కదలదు.

మా బంధువులింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. కోడళ్ళు బంగారంలాంటివాళ్ళు. "ఇంక మీరు విశ్రాంతి తీసుకోండత్తయ్యా" అని ఆవిడ బొడ్లో దోపుకునే తాళాలగుత్తి ఎంతో ప్రేమగా తీసుకున్నారు. ఆ తర్వాత ఆవకాయలో ఆవపిండి ఎంతో, పెళ్ళివారికి ఏం పెట్టాలో ఆవిణ్ణి అడిగిన పాపాన పోలేదెవరూ. ఏడాది తిరక్కుండా పెద్దావిడకి మతిమరుపు వచ్చిందన్నారు. వచ్చే ఉండచ్చు, కాదనను. కాని అక్కడ మీటరు పెట్టి చూసినవాళ్ళు లేరు.

మావారు ఒప్పుకోరు. "స్విచ్చు మార్చేస్తే సరిపోయేదానికి ఇంత వేదాంతమా?" అంటారు. కొత్త స్విచ్చూ అదే బరువు మోసి ఓ నాటికి నల్లబడేదే కదా! ఆయన రెండో మాటకి మాత్రం జవాబు తట్టడం కష్టం. పనంతా మనం చేస్తూ పెద్దవాళ్ళని మాటవరసకి అడగడం నాటకం కాదా అని. వంకాయలు తరిగి పెట్టుకుని, "ఏం కూర చెయ్యమంటారు?" అంటే నాటకమే. వాళ్ళు ఇట్టే పసిగడతారు కూడాను. అడిగితే తరగకముందే అడగాలి. బెండకాయ అంటే బెండకాయే వండాలి.

ఇక్కడే కారుకి లేని చిక్కు మనకుంది. తాళానికి సొంత ఇష్టాలుండవు, అత్తగార్లకుంటాయి. మా అత్తగారు కిందటి నెల వాళ్ళ పుట్టింటి ఇత్తడి గంగాళం పనిమనిషి కూతురి పెళ్ళికి ఇచ్చెయ్యమన్నారు. దానిమీద నాకెప్పట్నించో కన్నుంది సుమండీ. ఆవిడ దాన్ని అంగుళం కూడా జరపలేరు. చింతపండు పెట్టి తోమి, ఆటోలోకి ఎక్కించింది నేనే.