తెలిసీ తెలియనట్టు

మా తాత ఎద్దులు కొనేటప్పుడు తువ్వాలు కింద చేయి పెట్టి, అమ్మేవాడి వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు. చుట్టూ ఉన్న జనానికి తెలియకపోయినా బేరమాడే ఇద్దరికీ తెలిసేది. ఎద్దుకు పండ్లు ఎన్నో, నడక ఎట్లుందో చూసుకోవడం కొనేవాడి పని. పోయిన సంవత్సరం హోసూరులో కొత్త ఇల్లు బేరం చేసినప్పుడు నేను చూడకూడని చోట చూసినాను. ఆ సంగతి రాస్తున్నాను.

రాయకోట రోడ్డులో పది ఇండ్ల వరుస. ఉద్దనపల్లి నుంచి బస్సులో పోతూ అవి లేవడం చూస్తూనే ఉన్నాను. బిల్డరు 68 లక్షలు చెప్పినాడు. అందులో పది లక్షలు నగదుగా ఇస్తే దస్తావేజులో తగ్గించి చూపిద్దాం, స్టాంపు 7 శాతం, రిజిస్ట్రేషను 2 శాతం ఆ మేరకు మిగులుతాయి అన్నాడు. వద్దన్నాను. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని 2015లోనే చట్టం చేసినారు. బ్యాంకు ఉద్యోగికి దాన్ని దాటే ధైర్యం ఉండదు. భయంతో చేసినదాన్ని నీతి ఖాతాలో జమ వేసుకోకూడదు లెండి.

కష్టమైంది రెండోది. అంతకు వారం ముందే మా బ్యాంకులో వాయిదాలు తప్పిన అప్పుల పట్టిక నా బల్లమీదికి వచ్చింది. అందులో ఈ బిల్డరు పేరుంది. 70 రోజులైంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 90 దాటితే మొండి బాకీ. అప్పు వేరే శాఖది కాబట్టి నేను ఎక్కడ పనిచేస్తానో అతనికి తెలియదు.

నేను అబద్ధం చెప్పలేదు. 60 అన్నాను. "గిట్టదు సార్" అన్నాడు. లేచి వచ్చినాను. మామూలుగా అయితే మరుసటి రోజు నేనే ఫోను చేసేవాణ్ణి. చేయకుండా రోజులు లెక్కపెట్టినాను. అయిదో రోజు అతనే చేసినాడు. 62కు ముగిసింది.

క్రీ.పూ. 44లో రోమన్ రచయిత సిసెరో తన కొడుకు కోసం రాసిన పుస్తకంలో ఒక వర్తకుడి ప్రశ్న ఉంది. రోడ్స్ ద్వీపంలో కరువు. ధాన్యం ఓడతో ముందుగా చేరినవాడు, వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని కొనేవాళ్ళకు చెప్పాలా? చట్టం అడిగినంత చెబితే చాలునన్నాడు డయోజెనెస్. అంతా చెప్పాల్సిందేనన్నాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుడి పక్షం.

నా సంగతి దీనికి కొంచెం తిరగబడింది. బిల్డరు ఇబ్బంది బిల్డరుకు తెలుసు. అది నాకు తెలుసన్నదే అతనికి తెలియదు. అదే విషయం టీ కొట్లో మేస్త్రీలు "రెండు వారాలుగా కూలి రాలేదు" అని చెబితే తెలిసి ఉంటే, ఎద్దు పండ్లు చూసినట్టే. ఇది అట్లా తెలియలేదు. అప్పు కోసం అతను బ్యాంకును నమ్మి అప్పగించిన లెక్క అది. ఖాతాదారు రహస్యం కాపాడాలని జాతీయ బ్యాంకుల 1970 చట్టంలోనే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు, నిజమే. చెప్పకపోవడం వేరు, వాడుకోకపోవడం వేరు.

అతనూ దాస్తాడు కదా, పునాదిలో ఏం వేసినాడో, గోడలకు ఎన్నాళ్ళు నీళ్ళు పట్టినాడో అని మీరు అడగవచ్చు. దానికి 2016 చట్టం ఉంది, అయిదేండ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే అతని ఖర్చుతో బాగుచేయాలి. నేను దాచినదానికి అతనికి ఏ చట్టమూ లేదు.

అగ్రిమెంటుకు ముందు పోయి, 64 ఇస్తానన్నాను.

"బేరం ముగిసినాక ధర పెంచేవాళ్ళను ఇప్పుడే చూస్తా ఉండాను. ఎందుకు సార్?" అన్నాడు.

చెప్పడానికి నోరు రాలేదు. అతనికి అనుమానం వచ్చి, ఆ పక్క కొత్త ఫ్యాక్టరీ ఏదైనా వస్తుందేమోనని నాలుగు రోజులు విచారించినాడంట. ఆ నాలుగు రోజులూ నేను మళ్ళీ లెక్కపెట్టినాను, ఈసారి అతని కోసం. అయిదో రోజు సంతకాలయినాయి.

తగ్గిన 4 లక్షల్లో నా బేరానిది ఎంత, ఆ పట్టికది ఎంత అనేది బీకాం చదివిన నాకు ఇప్పటికీ తేలలేదు. ఇంట్లో ఆమెకు 64 అనే చెప్పినాను. 62 సంగతి ఇది చదివితే తెలుస్తుంది.