ఫోన్‌పై అధికారం ఎవరిది?

మొబైల్ ఫోన్‌లోకి ప్రోగ్రామ్ చేరడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. తయారీ సంస్థ ఇచ్చిన పనిముట్లతో యాప్ రాసి, ఆ సంస్థ పరిశీలనకు పంపి, స్టోర్ ద్వారా అందించడం అధికారిక మార్గం. సంస్థ వేసిన తాళాన్ని తప్పించి ఫోన్ లోపలి వ్యవస్థను మార్చుకోవడం అనధికార మార్గం. దీన్నే ఐఫోన్‌లో జైల్‌బ్రేక్ అనీ, ఆండ్రాయిడ్‌లో రూట్ చేయడం అనీ అంటారు. అనుమతి ఉన్నదంతా ధర్మమూ, లేనిదంతా అధర్మమూ అవుతాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఐఫోన్ చరిత్రలో అనధికార మార్గమే ముందు నడిచింది. 2007 జూన్ 29న ఐఫోన్ అమ్మకానికి వచ్చినప్పుడు బయటివారు రాసిన యాప్‌లకు అందులో చోటు లేదు. కొన్ని వారాల్లోనే ఔత్సాహికులు తాళం తీసి సొంత ప్రోగ్రాములు నడిపారు. యాప్‌లు రాసే పనిముట్లు ఇస్తామని ఆపిల్ ప్రకటించింది ఆ అక్టోబరులో. యాప్ స్టోర్ తెరుచుకున్నది 2008 జులై 10న.

తెలుగువారికి ఈ అనుభవం మరింత దగ్గరిది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపించేవి. కొందరు ఫోన్‌ను రూట్ చేసి తెలుగు ఫాంట్ ఎక్కించుకునేవారు. ఫాంట్ చేరినా ఒత్తులు, గుణింతాలు తరచూ విడిపోయేవి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో ఆ వ్యవస్థలోనే తెలుగుకు చోటు దక్కింది. అధికారిక మార్గానికీ తనదైన బలం ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపంలోని ఒక అక్షర సంపుటి ఐఫోన్ యాప్‌లను స్తంభింపజేసినప్పుడు, అదే నెల 19న ఆపిల్ ఇచ్చిన 11.2.6 అప్‌డేట్ ఆ లోపాన్ని అందరికీ ఒకేసారి సరిదిద్దింది.

ఈ విషయంలో మొదట తేల్చవలసింది స్వత్వం. సొంతదనం శాస్త్రం చెబితే వచ్చేదా, లోకవ్యవహారం వల్ల వచ్చేదా అని ధర్మశాస్త్ర వ్యాఖ్య అయిన మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు చర్చించి, అది లౌకికమేనని నిర్ణయించాడు. కొనుగోలు వల్ల సొంతదనం కలుగుతుంది. ఆ లెక్కన డబ్బిచ్చి కొన్న ఫోన్ కొన్నవారిదే. అయితే అందులోని సాఫ్ట్‌వేర్‌పై హక్కు దాన్ని రాసినవారికే ఉంటుంది. భారత చట్టంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా పరికరంలోకి చొరబడడాన్ని తప్పుపడుతుంది. కాపీరైట్ చట్టంలో 2012లో చేరిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదించడాన్ని నేరంగా చూస్తుంది. ఉద్దేశమే ఇక్కడ కీలకం.

సంప్రదాయం కూడా అనుమతి దాటినవారందరినీ ఒకే గాటన కట్టలేదు. గురువు గోష్ఠీపూర్ణులు రహస్యంగా ఉపదేశించిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ చాటారని వైష్ణవ గాథ. ఆయన దాపరికం లేకుండా చేశారు, ఫలం పదిమందికీ పంచారు, నరకం వస్తే తనకే రానిమ్మన్నారు. కర్ణుడు బ్రాహ్మణుడినని అబద్ధమాడి పరశురాముడి వద్ద అస్త్రవిద్య పొందాడు. శాపం తగిలి అవసరమైన వేళ ఆ విద్య మరచిపోయాడు. ఇద్దరూ గీత దాటినవారే. తేడా నిజాయితీలోనూ, ఫలం ఎవరికి చేరిందన్న దానిలోనూ ఉంది. అయితే విద్యకు పుట్టుకను అడ్డం పెట్టిన కట్టడిలోని తప్పు కర్ణుడి అబద్ధం కన్నా చిన్నది కాదు.

కాబట్టి ద్వారం కాసేవారికీ ధర్మం ఉంది. భద్రత కోసం వేసిన తాళం న్యాయమైనది. పోటీదారును బయట నిలపడానికి వేసినది కాదు. ఆండ్రాయిడ్ విపణిలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందంటూ 2022 అక్టోబరు 20న భారత పోటీ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా, జరిమానాను మాత్రం సమర్థించింది.

అలాగని తాళమే లేనిచోట నష్టపోయేది ఎక్కువగా సామాన్యుడే. సూర్యాపేట జిల్లా పాలకీడు వంటి నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మండలాల్లోనూ రైతు బ్యాంకు ఖాతా, పథకాల సమాచారం ఇప్పుడు ఫోన్‌లోకి చేరాయి. పీఎం కిసాన్ పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే నకిలీ ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలును నొక్కి, యాప్‌ను ఎక్కించుకుని, అడిగిన అనుమతులన్నీ ఇస్తే, ఓటీపీలు దొంగల చేతికి చేరి ఖాతా ఖాళీ కావచ్చు. ఇక్కడ అనుమతి ఇచ్చింది యజమానే అయినా, అది మోసంతో రాబట్టినది. అలాంటి సమ్మతికి విలువ లేదు. మోసపోయినవారు వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఫోన్ తనదై, నష్టం పరులకు లేక, దాపరికం లేనిచోట తాళం తీయడం అధర్మం కాదు. ఇతరుల ఫోన్‌లోకి దూరడం, డబ్బు పెట్టి కొనవలసిన యాప్‌ను దొంగిలించడం ఎంత నేర్పుతో చేసినా దొంగతనమే. మార్పులు చేసిన నకిలీ వాట్సాప్ వాడేవారు తమ సందేశాలతో పాటు అవతలివారి సందేశాలనూ ప్రమాదంలో పెడుతున్నారు. ఆ హక్కు వారికి లేదు. మిర్యాలగూడలోనో హుజూర్‌నగర్‌లోనో సెల్‌ఫోన్ షాపులో రూట్ చేసి ఇచ్చేవారు, వారంటీ పోవచ్చనీ, బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చనీ, అప్‌డేట్లు ఆగవచ్చనీ ముందే చెప్పి తీరాలి. తెలిసి ఒప్పుకున్న యజమానికే ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఉంటుంది.