గంట ఎవరిది?

2018 డిసెంబరు 11న ఒక అమెరికన్ సైనిక విమానం మూడు కంచు గంటల్ని మనీలాలో దించింది. నాలుగు రోజుల తరువాత అవి ఫిలిప్పీన్స్‌లోని సామార్ ద్వీపానికి, దాని దక్షిణ తీరాన ఉన్న బలంగిగా అనే చిన్న ఊరికి చేరాయి. ఆ ఊరి కతోలిక చర్చి గంటలవి. 1901లో అమెరికన్ సైన్యం వాటిని ఎత్తుకుపోయింది. రెండింటిని వయోమింగ్ రాష్ట్రంలోని సైనిక స్థావరంలో నిలబెట్టుకొన్నారు. మూడవది ఒక పటాలం సొత్తుగా చివరకు దక్షిణ కొరియాలోని శిబిరంలో తేలింది. అవి మళ్ళీ సొంత ఊళ్ళో మోగడానికి 117 ఏళ్ళు పట్టింది.

ఈ సంగతి మీద మన మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు విన్నాను. స్పెయిన్ పాదిరీలు ప్రజల చేత వెట్టి చేయించి నిలబెట్టిన మతపీఠం అది, దాని గంటలు సేనానుల చేతిలోంచి మళ్ళీ పాదిరీల చేతిలోకి పోతే ప్రజలకు ఒరిగిందేమిటి అని కొందరన్నారు. సామ్రాజ్యవాదులు దోచుకొన్న సొత్తు తిరిగి వచ్చింది, జాతి గౌరవం నిలబడింది, ఇంతకంటె ఆలోచించవలసింది ఏముందని మరికొందరన్నారు. వీటికి తోడు మూడవ వాదం ఒకటి ఉంది. అది అమెరికన్ మాజీ సైనికుల సంఘాలది: తమవాళ్ళను ఊచకోత కోయడానికి సంకేతంగా మోగిన గంటలవి, చనిపోయినవారికి అవి స్మారకాలు, ఇవ్వడానికి వీల్లేదని ఏళ్ళ తరబడి వాదించారు. సైనిక స్మారకాల్ని పరాయి దేశాలకు ఇవ్వరాదనే చట్టాన్ని కూడా అడ్డం పెట్టారు.

ఈ మూడింటిలోనూ తలా కాస్త నిజం ఉంది. కాని అసలు ప్రశ్నను ఏ ఒక్కటీ ముట్టుకోవడం లేదు. పీడన సాధనంగా పుట్టిన వస్తువు పీడితుల సొత్తు ఎట్లా అవుతుంది? ఎప్పుడు అవుతుంది? ఆ సొత్తు కోసం వాళ్ళు నెత్తురు చిందించి ఉంటే వాళ్ళ హక్కు తగ్గుతుందా, పెరుగుతుందా? ఇది గంటల ప్రశ్న మాత్రమే కాదు. వర్గ సమాజంలో తయారైన ప్రతి గుడికీ, కోటకూ, చెరువుకూ, కావ్యానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

ముందు గంట పుట్టుక చూద్దాం. 1521లో మెజెల్లన్ దిగిన హొమొన్‌హొన్ దీవి ఈ తీరానికి దగ్గరలోనే ఉంది. 1565లో లెగాస్పి వచ్చిన తరువాత స్పెయిన్ పాలన స్థిరపడింది. వాగుల వెంటా, కొండ వాలుల్లోనూ చెదిరి ఉన్న గూడేల్ని ఒక్కచోటికి చేర్చి ఊళ్ళు కట్టించడం పాదిరీల మొదటి పని. ఆ ఊళ్ళో ఉండడాన్ని స్పానిష్ వారు 'గంట కింద' ఉండడం అన్నారు. ఈ మాట కవిత్వం కోసం వాడింది కాదు. గంట వినిపించినంత మేర ప్రార్థన, పన్ను, పని మూడూ నడిచేవి. గంట వినపడని అడవిలోకి వెళ్ళినవాడు పరారీ అయినవాడి కిందే లెక్క.

పని అంటే ఏమిటి? 16 ఏళ్ళు మొదలు 60 ఏళ్ళ వరకు ప్రతి మగవాడూ ఏడాదికి 40 రోజులు ప్రభుత్వానికి చాకిరీ చేయాలి. 1884లో గాని దాన్ని 15 రోజులకు తగ్గించలేదు. డబ్బు కట్టగలిగినవాడికి మినహాయింపు. ఊరి పెద్దలకు మినహాయింపు. మిగిలినవాళ్ళే అడవిలో మాను కొట్టారు, ఓడలు కట్టారు, బాటలు వేశారు. గుడులకు రాళ్ళెత్తింది కూడా ఇట్టి చేతులే. దొరల పాలనలో తెలంగాణా పల్లెలు చేసిన వెట్టిచాకిరీ కథ తెలిసిన పాఠకుడికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. 1889లో పోతపోసిన గంట మీద అప్పటి మతగురువు పేరు ఉంది. లోహానికి డబ్బిచ్చినవారి పేర్లు లేవు, దాన్ని మోసి బురుజు కెక్కించినవారి పేర్లు అంతకన్నా లేవు. సొమ్మొకడిది, సోకొకడిది.

జనం దీన్ని నోరు మూసుకొని భరించారనుకోవడం పొరపాటు. 1649లో సామార్ మగవాళ్ళను దూరాన ఉన్న కవితే ఓడల కార్ఖానాకు తోలుకురమ్మని గవర్నరు ఆజ్ఞ చేసినప్పుడు అదే ద్వీపం ఉత్తర తీరంలోని పలపాగ్‌లో సుమురోయ్ నాయకత్వాన తిరుగుబాటు లేచింది. అక్కడి జెసూట్ పాదిరీని చంపడంతో అది మొదలైంది. ఇరుగు పొరుగు దీవులకూ పాకింది. మరుసటి ఏడు దాన్ని అణచివేశారు. గంటకు రెండు అర్థాలున్నాయని సామార్ ప్రజలకు అప్పుడే తెలుసు.

ఇంతవరకు చెప్పి ఆపితే మొదటి మిత్రుల వాదమే నెగ్గుతుంది. కాని చరిత్ర అక్కడ ఆగలేదు. బానిసల కోసం దక్షిణ సముద్రం నుంచి పడవల మీద దండెత్తి వచ్చేవాళ్ళను చూసి ఊరిని మేల్కొలిపింది ఆ గంటే. తలదాచుకోను చోటిచ్చింది ఆ గోడలే. పెళ్ళికీ, చావుకూ, తుపానుకూ మోగిందీ అదే. మతసంస్థ కూడా ఒకే ముద్దగా ఉండలేదు. స్పెయిన్ మఠాధిపతులకూ, విచారణల మీద తమకు అధికారం కావాలన్న దేశీయ గురువులకూ మధ్య పోరు పెరిగి, 1872 ఫిబ్రవరి 17న గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు గురువుల్ని మెడకు ఉచ్చు బిగించి చంపేదాకా పోయింది. 1887లో హొసే రిసాల్ రాసిన 'నోలి మే తాంగెరె' నవలలో గంటలు కొట్టే ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళలో చిన్నవాడి మీద దొంగతనం మోపి హింసిస్తారు. గంట తాడు పట్టుకొన్న చెయ్యి ఎవరిదో చూడమని రిసాల్ పాఠకుణ్ణి అడిగాడు. మన ప్రశ్నకు జవాబు ఆ దిక్కునే ఉంది.

1898 డిసెంబరు 10న పారిస్ ఒడంబడికతో స్పెయిన్ ఈ దీవుల్ని 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. అమ్మినవాడూ కొన్నవాడూ ఉన్నారు. అమ్ముడుపోయినవారిని అడిగినవాడు లేడు. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న ఫిలిప్పీన్ ప్రజలు కొత్త దొర మీద యుద్ధానికి దిగారు. ఈ కబళింపుకే కిప్లింగ్ 1899లో 'తెల్లవాడి బరువు' అని పేరు పెట్టి పద్యం కట్టాడు. ఆ కవి మన దేశంలో పుట్టి, మన దేశపు తెల్లదొరల మధ్య కలం పట్టినవాడే.

1901 ఆగస్టు 11న అమెరికన్ తొమ్మిదవ పదాతి పటాలానికి చెందిన ఒక దళం బలంగిగాలో దిగింది. వచ్చిన కొద్ది వారాలకే దళపతి ఊరు శుభ్రం చేయాలని మగవాళ్ళను పట్టించాడు. పదహారేసి మంది పట్టే రెండు డేరాల్లో సుమారు 80 మందిని రాత్రుళ్ళు కుక్కి, పగలు పని చేయించాడు. ఇళ్ళలోని తిండిగింజల్నీ, బోలో అనే పొడుగు కత్తుల్నీ స్వాధీనం చేసుకొన్నారు. స్పెయిన్ పోయి అమెరికా వచ్చింది, రాజ్యం పోయి ప్రజాస్వామ్యం వచ్చింది, కాని వెట్టి మాత్రం ఎక్కడికీ పోలేదు.

సెప్టెంబరు 28 ఉదయం సైనికులు ఫలహారం చేస్తున్న వేళ ఊరి పోలీసు అధికారి వలేరియానో అబనాదోర్ కాపలావాడి తుపాకీ లాక్కొని దాడి మొదలుపెట్టాడు. చర్చి గంట మోగింది. కత్తులతో ఊరు విరుచుకుపడింది. 74 మంది ఉన్న దళంలో 48 మంది చనిపోయారు. ఊరివాళ్ళలోనూ పలువురు నేలకొరిగారు. ఇన్ని తరాలు జనాన్ని పనికి పిలిచిన గంట ఆనాడు పని చేయించేవాడి మీదికి జనాన్ని పిలిచింది.

ఇక్కడ తప్పించుకోకుండా నిలబడవలసిన ప్రశ్న ఒకటుంది. భోజనం ముందు కూర్చొన్న మనుషుల్ని నరకడం న్యాయమా? మనవాళ్ళలో కొందరు ఈ ప్రశ్న వినగానే గొంతు పెంచుతారు. కొందరు తల దించుకొంటారు. రెండూ అవసరం లేదు. ఆ 48 మందీ మనుషులే, వాళ్ళ కోసం ఏడ్చిన తల్లులూ మనుషులే. వాళ్ళను ఆ దీవికి పంపినవారెవరూ ఆ ఉదయం అక్కడ భోంచేయడం లేదు. కాబట్టి ఆ చావుల్ని పండుగ చేసుకోమని నేననను. కాని దాడికి కారణం డేరాల్లో ఉంది, గింజల్లో ఉంది, పట్టి తెచ్చిన వెట్టిలో ఉంది. ఆ కారణాన్ని చెరిపేసి ఫలితాన్ని మాత్రం 'మారణకాండ' అని పిలవడం న్యాయబుద్ధి కాదు. అదీ ఒక రకం ఆక్రమణే. సామార్ తూర్పు ప్రాంతంలో సెప్టెంబరు 28ని 1989 నుంచి చట్టం ప్రకారం సెలవుదినంగా పాటిస్తున్నారు. ఆ దినానికి పెట్టిన పేరులోని మాట 'ఎన్‌కౌంటర్'. మన దగ్గర శ్రీకాకుళం నాటి నుంచి ఆ మాటకు వేరే నెత్తుటి చరిత్ర ఉంది. అక్కడ దాని అర్థం ఎదురుపడి తలపడడం మాత్రమే.

పైగా, 'మారణకాండ' అన్నవారు తరువాత చేసిందేమిటి? మర్నాడే ఊరు తగలబెట్టారు. జనరల్ జేకబ్ స్మిత్ సామార్‌ను నిర్మానుష్యమైన అడవిగా మార్చమనీ, ఆయుధం పట్టగల పదేళ్ళు నిండిన ప్రతివాణ్ణీ చంపమనీ ఆజ్ఞాపించాడు. ద్వీపానికి తిండి రాకుండా కట్టుదిట్టం చేశారు. 1902లో స్మిత్ మీద సైనిక విచారణ జరిగింది. అది హత్యానేరం మీద కాదు, సైనిక క్రమశిక్షణకు భంగం కలిగించాడన్న నేరం మీద. మందలించి పదవీ విరమణ చేయించారు. పదకొండు మంది ఫిలిప్పీన్ కూలీలను విచారణ లేకుండా కాల్పించిన మేజర్ వాలర్‌ను నిర్దోషి అని వదిలారు. ఒక ఉదయపు పగను నేరమన్న న్యాయం, నెలల తరబడి సాగిన ప్రభుత్వ ప్రతీకారాన్ని క్రమశిక్షణా లోపం అన్నది. గంటలు 'స్మారకాలు' అయింది ఈ న్యాయం నీడనే.

గెలిచినవాడిదే సొమ్ము అనే ఈ సూత్రం అమెరికా కనిపెట్టింది కాదు. 1762లో బ్రిటిష్ వారు మనీలాను పట్టుకొని కొల్లగొట్టారు. సాన్ అగస్టీన్ మఠం గ్రంథాలయం కూడా ఆ కొల్లలో పోయింది. ఆ నౌకాదళం బయలుదేరింది మద్రాసు రేవు నుంచి. అందులో మద్రాసు సిపాయిలున్నారు. వారిలో కొందరు తిరిగి రాకుండా మనీలా దగ్గరి కైంతాలో స్థిరపడ్డారు. దొర ఒక దేశపు పేదవాణ్ణి ఇంకొక దేశం మీదికి తోలుతాడు. కొల్ల మాత్రం దొర ఇంటికే చేరుతుంది. ఇటువంటి హక్కును హక్కనడానికి కత్తి తప్ప ఆధారం లేదు.

అయితే గంట ఎవరిది? నా సమాధానం మూడు మెట్లుగా చెబుతాను. మొదటిది శ్రమ. ఆజ్ఞ పాదిరీది కావచ్చు, చాకిరీ ప్రజలది. బలవంతంగా చేయించినంత మాత్రాన శ్రమ మీద శ్రామికుడి హక్కు పోదు; ఆ బాకీ ఇంకా పెరుగుతుంది. రెండవది వాడుక. తరతరాల బ్రతుకులో ఆ గంటకు ప్రజలు తమ అర్థాలు చేర్చారు. మూడవది పోరాటం. 1901 ఉదయం వాళ్ళు ఆ సాధనాన్ని దాని పుట్టుకకు విరుద్ధంగా తిప్పారు. వస్తువుకు జన్మలక్షణం శాశ్వతం కాదు. సామాజిక ఆచరణలో అది మారుతుంది. ఈ మాత్రం గ్రహించకపోతే మనం చెప్పే గతితర్కం పరీక్షల కోసం వల్లించే పాఠంగానే మిగులుతుంది.

హక్కు ప్రజలదైతే గంటల్ని చర్చికెందుకు ఇవ్వాలని మీరు అడగవచ్చు. ఒక గంటను మనీలాలోని జాతీయ మ్యూజియంలో పెట్టాలన్న ప్రతిపాదన సెనేట్‌లో వచ్చింది కూడా, చర్చివారు ఒప్పుకోలేదు. ఇందులో నేను ఊరివైపే. రాజధానిలో అద్దాల వెనుక పెట్టిన గంటను చూడవచ్చు గాని వినలేము. వినే హక్కు బలంగిగాది. దీనివల్ల మతపీఠం ఆధిపత్యాన్ని సమర్థించినట్లవుతుందన్న భయం అక్కరలేదు. మతం మత్తుమందన్న మార్క్స్ మాట ఒక్కటీ పట్టుకొని, దాని పక్కనే పీడితుల బాధ గురించి ఆయన రాసింది వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. గుడిలో మోకరిల్లేవాణ్ణి అవమానించి అతని హక్కును కాపాడలేము.

ఇక రెండవ మిత్రులకు ఒక హెచ్చరిక. గంటలు వచ్చిన నాడు బలంగిగాలో నిలబడి జాతి గౌరవాన్ని చాటిన అధ్యక్షుడు దుతెర్తే. మత్తుమందుల మీద యుద్ధం పేరుతో అతని పోలీసులు చంపినవారి సంఖ్య ప్రభుత్వ లెక్కల్లోనే 6,000 దాటింది. వారిలో ఎక్కువమంది మురికివాడల పేదలు. 2025 మార్చిలో అతన్ని అరెస్టు చేసి హేగ్ నగరంలోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి అప్పగించారు. స్మిత్ ఆజ్ఞను ఖండించే నోటితోనే తన ప్రజల్ని చంపించడం సాధ్యమేనని ఇది చూపుతుంది. జాతి గౌరవమనే మాటను పాలకుడికి గుత్తకిస్తే జరిగేది ఇదే.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను చెప్పదలచింది ఇంతే. ప్రాచీన కట్టడం ముందు నిలబడినప్పుడు కట్టించినవాడి పేరు చదివి మెచ్చుకోవడమూ, అదే పేరు చదివి అసహ్యించుకోవడమూ ఒకటే దృష్టిలోపం. రెండింటిలోనూ కట్టినవాడు కనపడడు. ఎవరు మోశారు, ఎవరు వాడుకొన్నారు, ఎప్పుడు ఎవరి మీదికి తిప్పారు అని అడగాలి. బలంగిగా గంటల మీద చెక్కని పేర్లను, గంటల కింద చనిపోయిన రెండు వైపుల వాళ్ళ పేర్లతో సహా, వెతికి రాయవలసిన పని ఇంకా మిగిలే ఉంది. అది విమానంలో తెచ్చి ఇవ్వగలిగింది కాదు. చరిత్ర చదివేవాళ్ళు కూర్చొని చేయవలసింది.