పదమూడేళ్ల మనసుకు పాపం అంటగట్టగలమా?

ఆత్మహత్య మహాపాపమని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. ఒక పనిని పాపమనాలంటే, అది చేయకుండా ఉండగల స్వేచ్ఛ చేసేవారికి ఉండాలి. కర్మ సిద్ధాంతానికి కూడా పునాది అదే. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్లో ఆ స్వేచ్ఛ ఎంత? డిప్రెషన్, ఇంట్లో హింస, లైంగిక వేధింపులు, తోటివాళ్ల ఎగతాళి, నిద్రలేమి, ఇక ఏదీ మారదన్న నిరాశ ఆత్మహత్య ముప్పును పెంచుతాయని పరిశోధనలు పదేపదే చూపించాయి. వీటిలో పిల్లలు కోరి తెచ్చుకున్నది ఒక్కటీ లేదు. పైగా ఆవేశానికి కళ్లెం వేసే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలనీ, వారిని శిక్షించకూడదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌లో చెప్పింది. చట్టం ఒప్పుకున్నదాన్ని మన ధర్మచింతన ఇంకా ఒప్పుకోలేదు.

పాపభీతి కొందరినైనా ఆపుతుంది కదా అనవచ్చు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మతం కాపాడుతుందని 1897లోనే సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ రాశాడు. అయితే కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ నిషేధం ఒకటే అయినా ఆత్మహత్యల రేట్లు వేరుగా ఉన్నాయని చూపి, కాపాడేది నిషేధం కాదు, నలుగురితో పెనవేసుకున్న బతుకేనన్నాడు. (ఆయన లెక్కల మీద తర్వాత విమర్శలు వచ్చాయనుకోండి.) భయం మరో పని కూడా చేస్తుంది: నోరు నొక్కేస్తుంది. చనిపోవాలనిపించడమే పాపమనుకున్న పిల్ల ఆ సంగతి అమ్మతో ఎలా చెబుతుంది? ఐరోపాలో పది దేశాల బళ్లలో పదకొండు వేలమందికి పైగా పిల్లలతో జరిగిన అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మనసులోని ఇబ్బందుల గురించి పిల్లలు మాట్లాడుకునే, నటించి చూసుకునే తరగతులు నడిపిన బళ్లలో, ఏడాది తర్వాత కొత్త ఆత్మహత్యా ప్రయత్నాలు పోలిక కోసం ఎంచుకున్న బళ్లకంటే దాదాపు సగమే.

అన్నీ జబ్బుకు వదిలేస్తే పిల్లలను కీలుబొమ్మలను చేసినట్టు కాదా అన్నది ఇంకో అభ్యంతరం. కాదు. యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, ఎవరు ప్రయత్నిస్తారో ముందే చెప్పడంలో ఏ ఒక్క కారణమూ గుడ్డి ఊహకంటే పెద్దగా మెరుగు కాదని తేలింది. ముప్పు ఉంది, విధిరాత లేదు. బాధలో ఉన్న పిల్లాడి మాట ముందు వినడం మన సంప్రదాయంలోనూ ఉంది: యోగవాసిష్ఠంలో పదహారేళ్లు నిండని రాముడు తిండీ తిప్పలూ మాని ముడుచుకుపోతాడు. అది వైరాగ్యమే కానీ రోగం కాదని పండితులంటారు, సరే. నాకు ముఖ్యమనిపించేది దశరథుడి సభ ప్రవర్తన: విశ్వామిత్రుడు, వసిష్ఠుడు అతని మాటలన్నీ అడ్డుపడకుండా వింటారు. ఆ తర్వాతే వసిష్ఠుడు బోధకు దిగుతాడు, విధిని కాక సొంత కృషిని నమ్ముకోమనే పురుషప్రయత్నంతో మొదలుపెడతాడు. ఆ వరుసను తలకిందులు చేసి ముందు బోధ, ఆపైన వినడం అంటున్నాం మనం. వినడం తెలియని ఇళ్లకు 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ తెలుగులో కూడా పలుకుతుంది. ఆ నంబరు గుడి గోడ మీద రాయడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు.