చిన్నవాని చేతిలోని రొట్టెలు

ధ్యాన భాగము: యోహాను 6:5–13



గలిలయ సముద్రపు ఆవలి యొడ్డున అయిదు వేలమంది పురుషులు ఆకలితో నుండిరి. ఫిలిప్పు రొట్టెల ఖర్చు లెక్క చెప్పెను. అంద్రెయ ఒక చిన్నవానిని కనుగొనెను; గాని వాని అయిదు రొట్టెలును రెండు చేపలును ఇంత జనమునకు ఏ మూలకు చాలునని సందేహించెను. లెక్కయు పెద్దలదే, సందేహమును పెద్దలదే. చిన్నవాడు లెక్క వేసినట్లు వాక్యములో లేదు. వాని యొద్ద నున్నది ప్రభువు చేతికి వచ్చెను.

నేడు భూమి వేడెక్కుచున్నది. నేలబొగ్గు, పెట్రోలు కాల్చగా వెలువడు బొగ్గుపులుసు వాయువు కంబళివలె భూమిని కప్పి వేడిమిని పోనీయకున్నది. 2015 మే నెల వడగాడ్పులకు మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ఇంతటి ఆపదకు మన పల్లె, మన వీధి ఏమి చేయగలదని మనమును అందుము. అది అంద్రెయ మాటయే.

మన పొరుగున తమిళనాడులోని తిరువణ్ణామలైలో వినీషా ఉమాశంకర్ అను విద్యార్థిని తన వీధిలో ఇస్త్రీ బండి నడుపుకొనువాడు కాలిన బొగ్గులను పారవేయుట చూచెను. ఆ బొగ్గులకై ఎన్ని చెట్లు నరకబడుచున్నవో, ఆ పొగ ఎవరి రొమ్ములలోనికి పోవుచున్నదో ఆలోచించెను. బొగ్గులకు మారుగా సూర్యరశ్మితో పనిచేయు ఇస్త్రీ బండిని రూపించెను. 2021 నవంబరులో గ్లాస్గో పట్టణమున జరిగిన వాతావరణ మహాసభలో దేశాధిపతుల యెదుట ఆమె మాటలాడెను. అయితే ఆమె మొదట చూచినది మహాసభను కాదు, తన వీధిలోని ఒక బండిని.

ప్రియులారా, ఇక్కడ నా తప్పిదమును ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట మన హైస్కూలు పిల్లలు నలుగురు వచ్చి, దేవాలయపు ఆవరణములో వాననీరు ఇంకుటకు గుంట త్రవ్వి, గోడ ప్రక్కన వేపమొక్కలు నాటుదుమని అడిగిరి. "పరీక్షలు దగ్గరపడినవి గదా! నాలుగు మొక్కలతో లోకములోని ఎండ తగ్గునా?" అంటిని. వారిలో ఒక అమ్మాయి, "లోకము సంగతి తెలియదండి అయ్యగారూ. మన గోడ ప్రక్కన బస్సుకు నిలుచువారికి నీడ వచ్చునండి" అనెను. నాకు బదులు తోచలేదు. ఆ రాత్రి ఈ అధ్యాయము చదువగా అంద్రెయ మాట నా నోటనే వచ్చినదని తెలిసికొంటిని. మరుసటి ఆదివారము పిల్లలను పిలిచి, క్షమించుడని వేడుకొంటిని.

గుంట త్రవ్విరి; మొక్కలు నాటిరి. వేసవి సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్లిరి. నీరు పోయువారు లేక రెండు మొక్కలు ఎండిపోయినవి. మేము పెద్దలము ప్రతి ఆదివారము వాటి ప్రక్కనే నడిచి లోనికి పోతిమి. మిగిలిన రెండు నేడు చెట్లైనవి. వాటి నీడను చూచి సంతోషించుచున్నాను. ఆ రెండు ఖాళీ చోట్లను చూచి సిగ్గుపడుచున్నాను.

ఆదికాండము 2:15లో దేవుడు నరునికి తోటను సాగుచేయు పనితోపాటు కాచు పనియు అప్పగించెను. నాటుట ఒక దినపు పని. కాచుట అనుదినపు పని. పిల్లలు మొదటిది చేసినప్పుడు రెండవది మనది కాదా?

మరియొక సంగతి గమనించుడి. అందరును తృప్తి పొందిన తరువాత, ఏదియు నష్టపోకుండ మిగిలిన ముక్కలను పోగుచేయుమని ప్రభువు శిష్యులకు సెలవిచ్చెను. అంత సమృద్ధిగా ఇచ్చిన ప్రభువే వృథాను ఒప్పలేదు. పండ్రెండు గంపలు మోసినవారు ఎవరు? చిన్నవాడు కాదు, శిష్యులే. సందేహించిన అంద్రెయకును ఆ పనిలో పాలు దొరికెను. అదే మనకును నిరీక్షణ.

కావున ఈ మాసమున మీ యింటి పిల్లలు నీటిని గూర్చి గాని, చెత్త కాల్చుటను గూర్చి గాని, చెట్లను గూర్చి గాని ఒక తలంపుతో వచ్చినయెడల, ఇది ఏ మూలకని అనకుడి. "నేనేమి మోయవలెను?" అని అడుగుడి.

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, మా పిల్లల చేతిలోని కొంచెమును తృణీకరించిన మా అవిశ్వాసమును క్షమించుము. వారు నాటినదానిని కాచు ఓపికను మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.